పొత్తిగుడ్డలు చుట్టిన చేతులు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. డిసెంబరు వచ్చీ రాకముందే సెమీ క్రిస్మస్‌లు మొదలైపోతాయి. ఆఫీసులో ఒకటి, స్కూల్లో ఒకటి, కాలనీలో ఒకటి, ఇక సంఘంలో సరేసరి. ప్రతిచోటా లూకా రెండో అధ్యాయం చదువుతారు, ప్రతిచోటా కేకు కోస్తారు. ఆ అధ్యాయం మనకు ఎంత కంఠతా వచ్చేసిందంటే, చదివేవాళ్లు చదువుతుంటే మనం ఫోన్లో ఫొటోలు చూసుకుంటున్నాం. నాకు ఈ విషయంలో చాలా బాధగా ఉంది, అందుకే రాస్తున్నాను. ఈసారి ఏడో వచనం దగ్గర కాసేపు ఆగుదాం.

"తన తొలిచూలు కుమారుని కని, పొత్తిగుడ్డలతో చుట్టి, సత్రములో వారికి స్థలము లేనందున ఆయనను పశువుల తొట్టిలో పరుండబెట్టెను."

సత్రంలో స్థలం లేకపోవడం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. తొట్టి మీదా విన్నాం. పొత్తిగుడ్డల దగ్గర మాత్రం ఎవరూ ఆగరు. ఈ వచనంలో పనులన్నీ ఎవరు చేశారో చూడండి. కన్నది మరియ, చుట్టింది మరియ, పడుకోబెట్టింది మరియ. మంత్రసాని వచ్చిందని లూకా రాయలేదు, వాళ్లమ్మో అత్తగారో పక్కన ఉన్నారనీ రాయలేదు. మన ఇళ్లలో కాన్పయిన పిల్లను ఆ రోజు మంచం దిగనిస్తామా? ఊరు కాని ఊళ్లో, ఆ ఒంటి నొప్పులతోనే, ఆ తల్లి బిడ్డను తన చేతులతో గుడ్డల్లో చుట్టుకుంది.

ఇప్పుడు పన్నెండో వచనానికి రండి. ప్రభువు మహిమ గొర్రెల కాపరుల చుట్టూ ప్రకాశిస్తోంది, ఇంకాసేపట్లో పరలోక సైన్యసమూహం దిగబోతోంది. అంత వెలుగు మధ్య నిలబడి దూత చెప్పిన ఆనవాలు ఏమిటి? ఒక శిశువు పొత్తిగుడ్డలతో చుట్టబడి తొట్టిలో పండుకొని ఉంటాడు, అంతే. రక్షకుణ్ణి గుర్తుపట్టడానికి పరలోకం ఇచ్చిన గుర్తు ఒక అమ్మ చేసిన పని! ఆ రాత్రి మరియకు ఈ సంగతి తెలియను కూడా తెలియదు. బిడ్డకు చలి వేస్తుందని చుట్టింది, దేవుడు దాన్నే ఆనవాలుగా తీసుకున్నాడు. ఈ మాట ధ్యానించినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి.

యెహెజ్కేలు 16లో దీనికి ఎదురుగా ఇంకో బిడ్డ ఉంది, దేవుడు యెరూషలేమును ఆ బిడ్డతో పోల్చి చెబుతాడు. పుట్టిన రోజున బొడ్డు కోసేవాళ్లు లేరు, నీళ్లు పోసేవాళ్లు లేరు, గుడ్డ చుట్టేవాళ్లు లేరు, బయట పొలంలో పారేశారు. ఆ దారిన వచ్చిన దేవుడు ఆ బిడ్డను చూసి "బ్రదుకుము" అన్నాడు. ఆయనే బేత్లెహేములో తనను చుట్టమని ఒక తల్లి చేతుల్లోకి వచ్చాడు.

ఒక పిల్లల రచయిత ఇంట్లో క్రిస్మస్ ఎలా జరిగేదో చదివాక నాకు ఈ వచనం ఇంకా దగ్గరైంది. 1937లో 'ది హాబిట్' రాసిన జె.ఆర్.ఆర్. టోల్కీన్ ఆయన. నాలుగేళ్లకే తండ్రి పోయాడు, 1904లో తల్లి కూడా పోయింది, అప్పటికి ఆయనకు పన్నెండేళ్లు. ఫ్రాన్సిస్ మోర్గన్ అనే కాథలిక్ ఫాదర్ ఆ అన్నదమ్ములిద్దరి బాధ్యత తీసుకున్నారు. అలా పెరిగినవాడికి తర్వాత నలుగురు పిల్లలు పుట్టారు. 1920లో పెద్దవాడు జాన్‌కు మూడేళ్లు. క్రిస్మస్ తాత ఎలా ఉంటాడు, ఎక్కడ ఉంటాడు అని నాన్నను అడిగాడు. ఆ నాన్న కూర్చుని, ఉత్తర ధ్రువం నుంచి తాతే రాసినట్టు జవాబు రాశాడు, తాత బొమ్మా ఆయన ఇంటి బొమ్మా గీశాడు. అలా 1943 వరకూ రాస్తూనే ఉన్నాడు!

ఆ ఉత్తరాలు ఎంత ఓపికగా చేశాడో చూడండి. తాత ముసలివాడు కాబట్టి ఆయన చేతిరాత వణుకుతూ ఉంటుంది. ఆయనకు తోడుండే ధ్రువపు ఎలుగుబంటి రాస్తే అక్షరాలు లావుగా, బండగా ఉంటాయి. కవరు మీద ఉత్తర ధ్రువం పోస్టాఫీసు స్టాంపు, అదీ చేత్తో గీసిందే. కొన్ని ఉత్తరాలు పొద్దున్నే ఇంట్లో కనిపించేవి, కొన్ని పోస్ట్‌మ్యాన్ తెచ్చి ఇచ్చేవాడు. ఆయనేమీ ఖాళీగా కూర్చున్న మనిషి కాదు, 1925 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరు. యుద్ధం వచ్చినా మానలేదు. సరుకు తగ్గిపోతోందని, ఎంతోమంది ఇళ్లకు దూరమయ్యారని తాత చేత ఉన్నమాటే రాయించాడు. చివరి ఉత్తరం పద్నాలుగేళ్ల చిన్నకూతురు ప్రిసిల్లాకు. పాత స్నేహితులను మేము మర్చిపోము, వాళ్ల ఉత్తరాలు దాచుకుంటాము అని అందులో ఉంటుంది. పిల్లలూ ఆ ఉత్తరాలను దాచుకున్నారు, అందుకే తండ్రి పోయిన మూడేళ్లకు, 1976లో, అవి పుస్తకంగా వచ్చాయి. జాన్ పెద్దయ్యాక కాథలిక్ ఫాదర్ అయ్యాడు.

క్రిస్మస్ తాత బైబిల్లో లేడు కదా అని మీలో కొందరు అంటారు. లేడు. మా ఇంట్లో కూడా పిల్లలకు ఆ తాత కథ చెప్పం. ఆ తండ్రి చేతుల్ని చూడమంటున్నాను. అమ్మానాన్నలు లేకుండా పెరిగిన మనిషి, తన పిల్లల క్రిస్మస్‌ను ఏటా తన చేత్తో చుట్టి ఇచ్చాడు.

మా నాన్నగారు స్టార్ ఎప్పుడూ కొనేవారు కాదు. వెదురు బద్దలు చీల్చి, కొసలు దారంతో బిగించి కట్టేవారు. మైదాపిండి ఉడికించి, ఎలుకలు కొరక్కుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, ఆ జిగురుతో ఎర్ర గ్లాసు కాగితం అంటించేవారు. ఒక కోణం ఎప్పుడూ కాస్త వంకరగానే వచ్చేది. అంటిస్తూ అంటిస్తూ మత్తయి రెండో అధ్యాయం చెప్పేవారు, జ్ఞానుల దగ్గరికి వచ్చేసరికి బల్బు పెట్టేవారు. అమ్మ అరిసెల పాకం చూస్తూ వంటింట్లోంచే తప్పులు దిద్దేది. ఆ వాక్యం నాకు ఏ సండే స్కూల్లోనూ అంత గట్టిగా పట్టలేదు.

ఇప్పుడు స్టార్ ఆన్‌లైన్లో వస్తుంది, పిండివంటలు స్వీట్ షాపు నుంచి వస్తాయి, పిల్లల అభినయ గీతం డ్యాన్స్ మాస్టరు నేర్పిస్తాడు, మనం వీడియో తీస్తాం. కొనడం పాపమని నేను అనను. ఉద్యోగాలున్నాయి, నైట్ షిఫ్టులున్నాయి, ఒంట్లో ఓపిక ఉండదు, నాకు తెలుసు. కానీ అన్నీ కొనేశాక మన చేతులు ఏం చేశాయి? సంఘంలో స్టేజీ డెకరేషన్ కోసం అర్ధరాత్రి దాకా ఉండే అన్నలారా, మీ కష్టం ప్రభువు చూస్తాడు, నిజమే. ఇంట్లో మీ పాప మీతో కలిసి కుటుంబ ప్రార్థన చేసి ఎన్నాళ్లయింది? అక్కలారా, చర్చికి మ్యాచింగ్ బట్టల టెన్షన్‌లో పిల్లల మీద అరుచుకుంటూ బయల్దేరుతున్నాం. వాళ్లకు క్రిస్మస్ అంటే ఆ అరుపులే గుర్తుండిపోతే ఎలా?

ఈ డిసెంబరులో ఒక సాయంత్రం టీవీ కట్టేయండి. మీ బిడ్డకు ఒక ఉత్తరం రాయండి, టైపు చేయొద్దు, పెన్నుతో రాయండి. వాడు పుట్టిన రోజు మీరు ఏమని ప్రార్థించారో రాయండి, ఈ ఏడాది దేవుడు ఇంటిని ఎలా నడిపించాడో రాయండి, అప్పులున్నా, జబ్బులున్నా దాచకుండా, వాడి వయసుకు అర్థమయ్యేలా రాయండి. బొమ్మ గీయడం రాకపోతే చిన్న స్టార్ గీయండి చాలు. తెలుగు చదవడం రాని పిల్లలైతే మీరే చదివి వినిపించండి. మీ సంఘంలో అమ్మో నాన్నో లేని పిల్లలు ఉంటారు, హాస్టళ్లలో ఉండేవాళ్లు ఉంటారు, వాళ్ల పేరున ఇంకొక ఉత్తరం రాయండి, రెండు అరిసెలతో పాటు మీరే వెళ్లి చేతికివ్వండి. ఉత్తరం చివర లూకా 2:12 అని వేసి, పిల్లలతో ఆ వచనం బైబిల్లో తీయించి చదివించండి.