ఓరుగల్లు కోట నుంచి చందుపట్ల శాసనం దాకా

ఓరుగల్లు కోటకు వెళ్లినవారిలో చాలామంది కీర్తితోరణాలను చూసి తిరిగివస్తారు. రుద్రమదేవి కట్టించిన గోడను, ఆమె మరణాన్ని తెలిపే శాసనాన్ని ఒకే ప్రయాణంలో చూడాలన్నది నా చిరకాలపు కోరిక.

కోటలో ముందుగా రాతిగోడ లోపలి వైపు నడిచాను. గణపతిదేవుడు మొదలుపెట్టిన ఈ గోడను ఎత్తు పెంచి పూర్తి చేసింది, దాని వెలుపల లోతైన కందకంతో మట్టికోటను కట్టించింది ఆయన కుమార్తె రుద్రమే. గోడ వెంబడి లోపలి వైపు రాతిమెట్లున్నాయి. శత్రువు ఏ దిక్కున కనిపించినా, కాపలా ఉన్న సైనికులు పరుగున చుట్టూ తిరిగి రానక్కరలేకుండా ఎక్కడివారక్కడే పైకెక్కి నిలబడవచ్చు. యుద్ధం స్వయంగా నడిపిన వ్యక్తి ఆలోచన ఆ మెట్లలో నాకు స్పష్టంగా కనిపించింది. 1262లో పాలన చేపట్టింది మొదలు ఆమెకు సామంతుల తిరుగుబాట్లు తప్పలేదు. దేవగిరి యాదవ మహాదేవుడు దండెత్తి వస్తే తిప్పికొట్టింది కూడా ఆమే. స్వయంభూదేవాలయ రంగమండపానికి చెందిన శిల్పంలో కత్తి, డాలు ధరించి సింహాన్ని అధిరోహించిన వీరవనిత రుద్రమేనని, ఆమె ‘రాయగజకేసరి’ (శత్రురాజులనే ఏనుగులకు సింహం) బిరుదుకు అది ప్రతిరూపమని పరిశోధకులు చెబుతారు.

చందుపట్ల నల్గొండ జిల్లా నకిరేకల్ మండలంలోని పల్లె. అక్కడి శాసనం శక సంవత్సరం 1211, విరోధి మార్గశిర శుద్ధ ద్వాదశి నాటిది, అంటే 1289 నవంబరు 27. రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందగా వారికి పుణ్యంగా సోమనాథదేవునికి భూమి దానం చేసినట్టు అందులో ఉంది. వేయించినవాడు రాజు కాదు, సామంతుడు కాదు, పువ్వుల ముమ్మడి అనే బంటు. కాకతీయ సామ్రాజ్ఞి మరణవార్త మనకు ఒక సాధారణ సేవకుని భక్తి వల్ల దక్కిందన్న మాట తలచుకుంటూ, వంగి ఆ అక్షరాలను చాలాసేపు చూశాను.

తిరుగుబాటు చేసిన సామంతుడు కాయస్థ అంబదేవునితో జరిగిన పోరులోనే వారిద్దరూ మరణించి ఉంటారని చరిత్రకారుల అభిప్రాయం. 1290 నాటి త్రిపురాంతక శాసనంలో అంబదేవుడు మల్లికార్జునునిపై తన విజయాన్ని గొప్పగా చెప్పుకోవడం దీనికి ఆధారం. మరుసటి ఏడాదే ప్రతాపరుద్రుని సేనలు త్రిపురాంతకాన్ని వశం చేసుకున్నాయి. నా తర్వాతి ప్రయాణం అక్కడికే.