నకాసులో మారు వడ్డన

జపాన్‌లోని ఒసాకాలో షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలు ఎక్కితే రెండున్నర గంటల్లో హకాతా స్టేషన్‌లో దిగాను. ఊరు ఫుకువోకా. స్టేషన్‌కీ, అక్కడి రామెన్‌కీ, అంటే రసంలో వేసిచ్చే నూడుల్స్‌కీ మాత్రం హకాతా అన్న పాత పేరే నిలిచింది. అంత దూరం వెళ్లింది ఆ రామెన్ కోసమే.

ఊరి మధ్యలో రెండు నదుల నడుమ నకాసు అనే లంక ఉంది. చీకటి పడితే నియాన్ దీపాలు నీళ్లలో ఊగుతుంటాయి. ఇచిరాన్ రామెన్ వాళ్ల ప్రధాన దుకాణం అక్కడే. అరగంట వరసలో నిలబడ్డాక మిషన్లో డబ్బులు వేసి టికెట్ తీసుకున్నాను. తర్వాత ఒక కాగితం ఇచ్చారు. రసం ఎంత చిక్కగా ఉండాలి, వెల్లుల్లి ఎంత, కారం ఎంత, నూడుల్స్ మెత్తగానా పలుకుగానా, అన్నీ గీత చుట్టి చెప్పాలి. పలుకుగానే కావాలన్నాను.

కూర్చునే చోటు ఒక్క మనిషికే. అటూ ఇటూ చెక్క అడ్డాలు, ఎదురుగా వెదురు తెర. తెర కింద నుంచి రెండు చేతులు గిన్నె పెట్టాయి, ఎవరో వంగి నమస్కరించారు, తెర దిగిపోయింది. ముఖం కనిపించలేదు. పక్కవాళ్లు జుర్రుకునే చప్పుడు తప్ప మాటల్లేవు. బంతిలో కూర్చుని కబుర్లాడుతూ తినే నాకు మొదట బెంగగా అనిపించింది. కాసేపటికి ధ్యాసంతా గిన్నె మీదికే వచ్చింది.

ఆ రసాన్ని తోన్‌కొత్సు అంటారు, అంటే పంది ఎముకలు. సన్న సెగ మీద కాస్తే తేటగానే ఉంటుంది. గంటల తరబడి తెర్లుతూ మరిగితేనే మూలుగ, కొవ్వు నీళ్లలో కలిసిపోయి పాలలా తెల్లబడుతుంది. దగ్గర్లోని కురుమే ఊళ్లో ఒక దుకాణంలో పొయ్యి మీద మర్చిపోయిన కుండ వల్లే ఈ తెల్ల రసం పుట్టిందని చెప్పుకుంటారు. పంది మాంసం నాకు అలవాటు తక్కువ, వాసనకు కాస్త జంకాను. మొదటి గుక్కకే పెదవులు ఒకదానికొకటి అంటుకున్నాయి. అమ్మ కాచే పాయా తాగితే అచ్చం ఇలాగే అంటుకునేవి! ఆ తర్వాత జంకు లేదు. నడిమధ్య వేసిన ఎర్ర కారాన్ని కొద్దికొద్దిగా కలుపుకుంటూ తిన్నాను.

నూడుల్స్ దారాల్లా సన్నం. ఫుకువోకాలోని నాగహామా చేపల మార్కెట్లో పనివాళ్లకు తీరిక ఉండదు కనుక త్వరగా ఉడికేలా అంత సన్నగా చేశారట. సన్నవి రసంలో త్వరగా నానిపోతాయి. అందుకే ఒకేసారి ఎక్కువ వేయకుండా, అయ్యాక మళ్లీ వేస్తారు. దానిపేరు కయెదామా. మన మారు వడ్డనే! చిన్న పళ్లెం మీట మీద పెట్టగానే, పాతకాలం రామెన్ బండివాళ్లు ఊదే బూర పాట మోగింది. తెర లేచింది, వేడి వేడి నూడుల్స్ వచ్చాయి.

రసం చివరిదాకా తాగితే గిన్నె అడుగున అక్షరాలు కనిపించాయి. ఈ ఒక్క చుక్కే పరమానందం అని వాటి అర్థం.

బయటికొచ్చి, నది గట్టున నిలబడి అమ్మకు ఫోన్ చేశాను.

"కడుపునిండా తిన్నావా? మారు వేయించుకున్నావా?"

"వేయించుకున్నానమ్మా."