నా బోనవిల్‌కు పోత చక్రాలు

ఇంగ్లండ్‌లోని మెరిడెన్ కర్మాగారంలో తయారైన నా ట్రయంఫ్ బోనవిల్ టీ140 మోటార్‌సైకిల్‌కు ఆకుల చక్రాలు తీసి పోత అల్లాయ్ చక్రాలు బిగించడం కొందరు మిత్రులకు నచ్చలేదు గాని, అదే కర్మాగారం 1979లో టీ140డీ మోడల్‌ను లెస్టర్ కంపెనీ పోత చక్రాలతోనే విడుదల చేసిందన్న సంగతి మరువకూడదు.

చక్రం ఇరుసుకు ఎక్కినంత మాత్రాన పని పూర్తి కాదు. బేరింగుల మధ్య ఉండే స్పేసర్ గొట్టం కాస్త పొట్టిదైనా, ఇరుసు నట్టు బిగించగానే బేరింగుల లోపలి వలయాలపై పక్క ఒత్తిడి పడుతుంది. నా వెనుక చక్రం సరిగ్గా ఈ కారణంగానే చేతితో తిప్పితే బరువుగా, గరగరమంటూ కదిలింది. సరైన కొలతకు కొత్త గొట్టం కోయించి వేశాక గాని అది తేలికగా తిరగలేదు. పాత పోత చక్రాల్లో కొన్ని ట్యూబ్‌లెస్ టైర్లకు తగినవి కావు కనుక, లోపల ట్యూబులు వేయించాను.