గన్‌స్మిత్ కోర్సు అయ్యాక మొదటి ఉద్యోగం దొరికేదాకా

తుపాకులు బాగు చెయ్యడం కాలేజీలో నేర్పుతారంటే మనవాళ్లలో చాలామంది నమ్మరు. అమెరికాలో నేర్పుతారు. కొలరాడోలో లేక్‌వుడ్, ట్రినిడాడ్, నార్త్ కరొలినాలో ట్రాయ్, ఓక్లహోమాలో టిషమింగో, ఇలా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని ఊళ్లలో ఈ కోర్సు ఉంది. ట్రినిడాడ్‌లో అయితే 1947 నుంచీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల చదువుకు ప్రభుత్వమే డబ్బు కట్టిన రోజులవి. మా బ్యాచ్‌లోనూ చాలామంది మాజీ సైనికులే. వాళ్ల ఫీజు ఇప్పటికీ ప్రభుత్వమే కడుతుంది. నా ఫీజు నేను కట్టుకున్నాను.

నాది విజయవాడ. ఆటోనగర్‌లో నాన్నకి లేత్ షాపు ఉండేది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా అయిపోయే సమయానికి మా మేనత్త ఎప్పుడో వేసిన పిటిషన్ కదిలింది. నాకు 21 నిండకముందే అందరం గ్రీన్ కార్డులతో టెక్సస్‌లో దిగాం. గ్రీన్ కార్డు సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇక్కడ ఎఫ్-1 మీద చదువుకుంటున్నవాళ్లు, హెచ్-1బి మీద ఉన్నవాళ్లు నన్ను మొదట అడిగేది అదే: "మేం కూడా ఈ పనిలోకి రావచ్చా?" అని. అలాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి కానీ, వాటిని నమ్ముకుని ఒక వృత్తిలోకి దిగమని నేను ఎవరికీ చెప్పను. గ్రీన్ కార్డు ఉంటే ఆ అడ్డు లేదు.

కోర్సు మొదట్లో తుపాకీ ముట్టుకోనివ్వరు. ఒక ఇనప దిమ్మె, ఒక ఆకురాయి చేతికిస్తారు. దిమ్మె అన్ని పక్కలా చదును కావాలి, మూలమట్టం పెడితే సందులోంచి వెలుతురు కనపడకూడదు. ఆటోనగర్‌లో పెరిగినవాడికి ఇది కొత్త కాదు. నాన్న షాపులో చేరిన ప్రతి కుర్రాడూ ఇదే పనితో మొదలుపెట్టేవాడు. ఆ తర్వాత లేత్, మిల్లింగ్, వెల్డింగ్, చెక్క పని, బ్లూయింగ్. రసాయన లవణాల ద్రావణాన్ని సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరగబెట్టి, అందులో ఉక్కు ముక్కల్ని ముంచి నల్లగా మార్చడమే బ్లూయింగ్. చివరికి ఒక పాత మౌజర్ 98 రైఫిల్ తీసుకుని కొత్త బారెల్ బిగించాను. వాల్‌నట్ చెక్కతో కుందా (భుజానికి ఆనించే భాగం) చేసి, దాని మీద చేత్తోనే గళ్లు చెక్కాను. ఆ రైఫిల్ ఫొటోలన్నీ ఆల్బమ్‌లో పెట్టుకుని, 2023 వేసవిలో ఉద్యోగాల వేటకి బయల్దేరాను.

అసలు కథ ఇక్కడి నుంచే.

మాలాంటివాళ్లందరికీ మొదటి కల ఒకటే. ఆర్డరు మీద రైఫిళ్లు చేసే మంచి పనివాడి దగ్గర చేరాలి, ఆయన చెయ్యి చూసి నేర్చుకోవాలి. ఆ షాపులు నిజంగానే ఉన్నాయి. కాకపోతే చాలాచోట్ల ఉండేది ఒకే మనిషి, ఆయన గ్యారేజీ, ఆయన కుక్క. ఆర్డర్లు రెండేళ్లకి సరిపడా ఉంటాయి. "పని ఉంది కదా, నన్ను పెట్టుకోండి" అంటే ఒకాయన నిష్ఠూరం లేకుండా చెప్పాడు: "నీకు నేర్పే గంటలో నేను సంపాదించుకోగలను. నువ్వు పాడుచేసే బారెల్‌కి డబ్బు నేనే కట్టాలి." ఆయన లెక్కలో తప్పు లేదు. చిన్న షాపులో కొత్తవాడు మొదటి ఏడాది ఖర్చే, ఆదాయం కాదు.

తర్వాత ఫ్యాక్టరీలు. ఆ సమయంలో ఈ పరిశ్రమలో చాలా కంపెనీలు ఉత్తరం నుంచి దక్షిణానికి మూటాముల్లె సర్దుకుంటున్నాయి. స్మిత్ అండ్ వెసన్ తన ప్రధాన కార్యాలయాన్ని మసాచుసెట్స్ నుంచి టెనెసీలోని మేరీవిల్‌కి మార్చింది. న్యూయార్క్ రాష్ట్రంలో ఇలియన్ అనే ఊళ్లో దాదాపు రెండు వందల ఏళ్లు నడిచిన రెమింగ్టన్ ఫ్యాక్టరీ 2024 మార్చిలో మూతపడింది. అంటే కొత్త ఫ్యాక్టరీల్లో ఖాళీలున్నాయి, పాత ఫ్యాక్టరీల నుంచి ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లూ రోడ్డు మీదున్నారు. పైగా ఫ్యాక్టరీలకి కావలసింది గన్‌స్మిత్ కాదు. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్‌కి ఆపరేటర్ కావాలి, అసెంబ్లీలో నిలబడేవాడు కావాలి, గేజ్ పెట్టి చూసే ఇన్‌స్పెక్టర్ కావాలి. ప్రకటనల్లో "యూఎస్ పర్సన్ అయి ఉండాలి" అన్న ముక్క చూసి భయపడకండి. పౌరులతో పాటు గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కూడా అందులోకి వస్తారు. నా క్లాస్‌మేట్లు కొందరు విమానాల విడిభాగాలు చేసే సీఎన్‌సీ షాపుల్లో చేరిపోయారు. వాళ్ల జీతం ఇప్పటికీ నాకంటే ఎక్కువ. "ఇంత చదివి అక్కడా?" అని ముక్కు విరిచినవాళ్లు ఉన్నారు గానీ, నా ఉద్దేశంలో ఆ క్లాస్‌మేట్లదే తెలివైన పని. లేత్ మీద చెయ్యి కుదిరితే ఆ పనితనం ఎక్కడికీ పోదు.

మూడో దారి, వేట సామాన్లమ్మే పెద్ద పెద్ద స్టోర్లు. వాటిలో గన్ కౌంటర్ ఉంటుంది, కొన్నిటిలో వెనకాల చిన్న బెంచ్ కూడా ఉంటుంది. ఎక్కడికెళ్లినా ఒకటే మాట: "ముందు కౌంటర్‌లో అమ్మకాలు చెయ్యి, బెంచ్ ఖాళీ అయితే చూద్దాం." ఒకచోట సరేనని చేరాను. పండగ సీజన్ అవగానే గంటలు తగ్గిస్తూ తగ్గిస్తూ వారానికి ఒక పూట మిగిల్చారు. బెంచ్ మీద కూర్చున్నాయన రిటైరయ్యే సూచనలేం కనపడలేదు. మానేశాను. అయితే ఆ కౌంటర్ దగ్గర నేర్చుకున్నది తర్వాత బాగా పనికొచ్చింది. కొనేవాడు నింపాల్సిన ఫెడరల్ ఫారం 4473, నేపథ్య తనిఖీ, ఏదైనా తేడాగా అనిపిస్తే అమ్మకం ఆపేయడం, ఇవన్నీ స్కూల్లో కాగితం మీద చదివినవే. కౌంటర్ అవతల చిరాకు పడుతున్న మనిషి నిలబడి ఉంటే అదే ఫారం వేరేగా కనిపిస్తుంది.

ఈలోగా కడుపు నిండాలి కాబట్టి నాన్న పనిచేసే మెషిన్ షాపులోనే పగలు పనికి వెళ్లేవాణ్ణి. ఇంట్లో గొడవ వేరే. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎక్కడ కలిసినా "బాబు ఏ టెక్నాలజీ?" అని అడుగుతారు. అమ్మ "మెకానికల్ సైడు" అని చెప్పి పులిహోర గిన్నె వైపు తిరిగిపోయేది. ఒక బాబాయి మాత్రం నన్ను పక్కకి పిలిచి, ఆరు నెలల్లో క్లౌడ్ నేర్పించి ఉద్యోగం పెట్టిస్తానన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కాదనడానికి నా దగ్గర గట్టి కారణం ఏదీ లేదు, ఆ పని నాకు పట్టదని తప్ప.

ఉద్యోగం చివరికి ఫోర్ట్ వర్త్‌కి కొంత దూరంలో ఉన్న చిన్న ఊరి షాపులో దొరికింది. అప్పటికి నాకు ఒక సంగతి అర్థమైంది. ఈమెయిల్‌లో రెజ్యూమె పంపితే ఈ షాపుల వాళ్లు చదవరు. మధ్యాహ్నం, కౌంటర్ ఖాళీగా ఉన్నప్పుడు మనిషే వెళ్లాలి. వెళ్లాను. యజమాని డెబ్భైకి దగ్గర పడ్డాయన. నా మౌజర్ ఫొటోలు రెండు చూసి ఆల్బమ్ మూసేశాడు. "బాగుంది. ఇలాంటిది ఏడాదికి ఒకటొస్తుంది మాకు" అని, గోడకి ఆనించి ఉన్న పాత రెమింగ్టన్ 870 షాట్‌గన్ తీశాడు. పంప్ వెనక్కి లాగి, ఖాళీగా ఉందని నాకు చూపించి చేతికిచ్చాడు. "ఖాళీ తూటా బయటికి రావడం లేదట, చూడు."

నేను తీసుకుని, గొట్టం గోడ వైపు తిప్పి, తూటా కూర్చునే చాంబర్, తూటాలు నిల్వ ఉండే మ్యాగజైన్ మళ్లీ నేనే చూసుకున్నాను, చిటికెన వేలు పెట్టి మరీ. ఆయన గమనించింది అదేనట. ఎదుటివాడు చూపించాడు కదా అని చూడకుండా ఊరుకునేవాణ్ణి ఆయన ఆ నిమిషంలోనే పంపించేస్తానన్నాడు తర్వాతెప్పుడో.

రెండోది స్క్రూడ్రైవర్. బెంచ్ మీద ఒక డబ్బా నిండా బిట్లున్నాయి. తుపాకుల స్క్రూల గాడి సన్నగా, నిటారుగా ఉంటుంది. మామూలు స్క్రూడ్రైవర్ మొన వాలుగా ఉంటుంది కాబట్టి జారి గాడి అంచుల్ని చెక్కేస్తుంది. గాడికి సరిగ్గా నిండే బిట్ దొరికేదాకా వెతికి అప్పుడు తిప్పాలి. చేతకానివాడి చెయ్యి పడ్డ తుపాకీని స్క్రూ తలలే పట్టిస్తాయి. జబ్బు పెద్దదేం కాదు. ఖాళీ తూటాని బయటికి లాగే కొక్కెం, ఎక్స్‌ట్రాక్టర్ వెనక ఏళ్లనాటి మడ్డి గట్టిపడి ఉంది, చాంబర్ తుప్పుతో గరుకైంది. చెప్పాను.

"ఎంత తీసుకుంటావు? ఎప్పుడిస్తావు?" అని అడిగాడు. స్కూల్లో ఎవరూ అడగని ప్రశ్న ఇది. అక్కడ ఒక పని సరిగ్గా వచ్చేదాకా ఎన్ని రోజులైనా కూర్చోవచ్చు. ఇక్కడ షాపు గంటకి ఇంత అని వసూలు చేస్తుంది, అనుకున్న సమయం దాటి గంట గడిస్తే అది యజమాని జేబులోంచి పోతుంది. శుభ్రం చేసి, చాంబర్ నునుపు చేసి రేపు సాయంత్రం ఇస్తానని చెప్పాను. "ఇవాళ సాయంత్రం" అన్నాడు. ఆ సాయంత్రానికి ఇచ్చాను. సోమవారం రమ్మన్నాడు.

గంటకి 17 డాలర్లు. హైవే మీద బకీస్ పెట్రోల్ బంకు బయట జీతాల బోర్డు పెడతారు. అందులో నా అంకె కంటే పెద్దవే కనపడేవి. ఆ బోర్డు దాటి రోజూ పనికి వెళ్లడం మొదట్లో కొంచెం గుచ్చుకునేది. పైగా చేతి పనిముట్లు మనవే తెచ్చుకోవాలి: బిట్లు, పంచ్‌లు, ఇత్తడి సుత్తి, ఆకురాళ్లు, వెర్నియర్. కోర్సులో ఉండగానే ఒక్కొక్కటిగా కొనిపెట్టుకోవడం మంచిది.

పని ఎలా ఉంటుందంటే, నూటికి తొంభై పాళ్లు శుభ్రం చెయ్యడం, స్కోప్ (గురి చూసే దుర్భిణి) బిగించడం. తాతగారి షాట్‌గన్ అటక మీద తుప్పు పట్టి దొరుకుతుంది. ఎవరో ఏళ్ల తరబడి డబ్ల్యూడీ-40 కొట్టీ కొట్టీ ట్రిగ్గర్ లోపలంతా జిగురు చేసి తెస్తాడు. ఇంకొకడు వీడియో చూసి ఏఆర్-15 రైఫిల్ ఇంట్లో బిగించి, ఒక స్ప్రింగ్ మిగిలిపోయిందని జేబులోంచి తీస్తాడు. స్కోప్ రింగుల స్క్రూలు చేతి అంచనాతో బిగించకూడదు, ఇంచ్-పౌండ్లు చూపించే టార్క్ రెంచ్ వాడాలి. నాకు మొదటి నెలల్లో వచ్చిన మెప్పంతా ఈ స్కోపుల మీదే. వెనక్కి తిరిగి రాలేదు అవి.

రాత్రి షాపులో ఉండిపోయే ప్రతి తుపాకీ రికార్డు పుస్తకంలో ఎక్కాలి: తయారుచేసినవారు, మోడల్, సీరియల్ నంబరు, ఎవరిది, ఎప్పుడొచ్చింది, ఎప్పుడెళ్లింది. కస్టమర్ నిలబడి ఉండగానే అదే రోజు బాగుచేసి ఇచ్చేస్తే ఎక్కించనక్కర్లేదు. తుపాకుల వ్యాపారాన్ని చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ వాళ్లు తనిఖీకి వస్తే మొదట అడిగేది ఆ పుస్తకమే. సీరియల్ నంబరులో సున్నాకీ ఓ అక్షరానికీ తేడా పోగొట్టినా సంజాయిషీ చెప్పుకోవాలి. కౌంటర్ అనుభవం ఉందని యజమాని ఈ పని తొందరగానే నాకు అప్పగించాడు. ఉద్యోగం నిలబడటానికి నా ఆకురాయి పనితనం కంటే ఇదే ఎక్కువ కారణమని నా నమ్మకం.

కాదనడం కూడా నేర్చుకోవాలి. ట్రిగ్గర్ మరీ తేలిగ్గా చేయమని అడుగుతారు, షాపు ఒప్పుకోదు. 1964కి ముందటి వించెస్టర్ మోడల్ 70 రైఫిల్ తెచ్చి కొత్తదానిలా నల్లగా మెరిపించమంటారు. చేస్తే మనకి డబ్బు వస్తుంది, కానీ పాత పూత పోతే సేకరించేవాళ్ల దగ్గర దాని ధర పడిపోతుంది. "నూనె రాసి అలాగే ఉంచండి" అని పంపిస్తాం. ఆ మనిషి మళ్లీ నలుగురిని వెంటపెట్టుకొస్తాడు.

విజయవాడ నుంచి పాత స్నేహితులు ఈ పనితో ఇండియాలో బతకొచ్చా అని అడుగుతుంటారు. అక్కడ తుపాకుల రిపేరు షాపుకి ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి, షాపులే తక్కువ. దానికంటే ఐటీఐలో ఫిట్టరో మెషినిస్టో చేసి, తిరుచిరాపల్లి, కాన్పూర్, ఇషాపూర్ ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీల్లో అప్రెంటిస్ నోటిఫికేషన్లు చూసుకోవడం నయం. 2021లో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డుని ఏడు కంపెనీలుగా విడగొట్టాక ఈ మూడూ అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి వచ్చాయి.

నేను ఇప్పుడు బారెళ్లు బిగిస్తున్నాను. బారెల్‌లో చాంబర్ తొలిచే రీమర్ పట్టుకుని లేత్ ముందు నిలబడ్డ మొదటి రోజు యజమాని నా వెనకే ఉన్నాడు. చాంబర్ లోతు సరిచూసే గేజులు పెట్టాను: గో గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, మూసుకుంది; నో-గో గేజ్ మీద మూసుకోకూడదు, ఆగింది. ఆయన ఏమీ అనకుండా కాఫీకి వెళ్లిపోయాడు. గంటకి మూడు డాలర్లు పెరిగింది. సొంత లైసెన్సుకి దరఖాస్తు ఫీజు మూడేళ్లకి 200 డాలర్లే కానీ, అద్దె, బీమా, లేత్ ఖరీదు కలుపుకుంటే ఇప్పట్లో నా వల్ల కాదు.

టెక్సస్‌లో వెతికేవాళ్లు కాలం చూసుకుని వెళ్లండి. సెప్టెంబర్ 1న పావురాల వేట మొదలవుతుంది, నవంబర్ మొదటి శనివారం జింకల సీజన్ తెరుస్తారు. ఆగస్టు నుంచి షాపుల్లో తల ఎత్తే తీరిక ఉండదు, అప్పుడు వెళ్తే ఎవరూ మాట్లాడరు. జూన్‌లో గానీ జూలైలో గానీ వెళ్తే, రాబోయే రద్దీ తలచుకుని యజమానులకి టెన్షన్ మొదలై ఉంటుంది. స్కోప్ బిగించడం, శుభ్రం చెయ్యడం, రికార్డు రాయడం వచ్చని ముందు చెప్పండి. రైఫిల్ ఫొటోలు అడిగితే చూపించండి.