జీన్స్ జడల చాప: ఆరో చుట్టు నుంచి లేస్తున్న అంచు

జీన్స్ పీలికలను జడలుగా అల్లి, గుండ్రంగా చుట్టలు చుట్టి కుడుతున్న చాప ఇది. నిన్న నేల మీద చదునుగా పరచి ఉంచితే, ఈ ఉదయానికి అంచులు లేచి పళ్లెంలా తయారైంది. 25 సెం.మీ. వ్యాసం వరకు, అంటే మొదటి అయిదు చుట్లు, నేలను అంటుకునే ఉన్నాయి. లేచినవి ఆరు, ఏడు, ఎనిమిది చుట్లు మాత్రమే. చివరి అంచు నేలకు దాదాపు 4 సెం.మీ. ఎత్తులో నిలిచింది.

4 సెం.మీ. వెడల్పు పీలికలతో అల్లిన మూడు పాయల జడ వెడల్పు 2.5 సెం.మీ. వస్తోంది. దానిని 6.28తో (పై విలువ 3.14కు రెట్టింపు) గుణిస్తే, ప్రతి చుట్టుకూ ముందు చుట్టుకన్నా 15.7 సెం.మీ. జడ అదనంగా పట్టాలి. ఆ లెక్కన ఎనిమిదో చుట్టు బయటి అంచు 125.6 సెం.మీ. ఉండాలి, టేపు 119 మాత్రమే చూపుతోంది. ఆ 6.6 సెం.మీ. లోటే అంచును పైకి లాగుతోంది.

మొదట దారాన్ని అనుమానించాను. జడలను కలపడానికి గూటర్‌మన్ వారి సోఫా కుట్టే మందపు దారం వాడుతున్నాను. ఎంత లాగినా తెగదు కనుక నాకు అదే ఇష్టం, కానీ బిగువు ఎక్కువైతే అంచు ముడుచుకుంటుంది. ఎనిమిదో చుట్టు కుట్టును విప్పి వదులుగా మళ్లీ కలిపితే ఎత్తు అర సెంటీమీటరు మాత్రమే తగ్గింది. తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే వేడిగా ఉన్నంతసేపు చదునుగా ఉండి, చల్లారగానే మళ్లీ లేచింది. వంపుల దగ్గర జడను తగినంత వదలలేదేమోనన్న సందేహానికి పుస్తకంలోని కొలతే సమాధానమిచ్చింది: ఆరో చుట్టు కుట్టినప్పుడు బయటి అంచు 94 సెం.మీ. ఉన్నట్టు రాసి పెట్టుకున్నాను, ఇప్పుడు అది 89 ఉంది. అంటే కుట్టిన తరువాత జడే కుంచించుకుపోయింది.

లోపలి చుట్లకు వాడినది పూర్తి నూలు జీన్స్. ఆరో చుట్టు నుంచి వాడిన జీన్స్ లేబుల్ మీద 98 శాతం నూలు, 2 శాతం ఎలాస్టేన్ (రబ్బరులా సాగే పోగు) అని ఉంది. సాగే డెనిమ్‌లో ఎలాస్టేన్ సాధారణంగా పేకలో (బట్ట అడ్డం పోగుల్లో) ఉంటుంది, పడుగులో (నిలువు పోగుల్లో) ఉండదు. అతుకులు లేని పొడవైన పీలిక కోసం కాలిగొట్టం చుట్టూ మెలికగా కత్తిరించాను కనుక, ఆ పీలిక దాదాపు పేక దిశలోనే వచ్చింది. మిగిలిన ముక్కల్లో 100 సెం.మీ. కొలిచి, జడ అల్లేటప్పుడు లాగే బిగువుతోనే లాగితే 112కు సాగింది, వదిలితే 101కి వచ్చింది. అదే జీన్స్ నుంచి కాలి పొడవునా కత్తిరించిన పీలిక సాగిందనే చెప్పలేనంత తక్కువగా సాగింది. పాయల మధ్య ఒరిపిడి ఆ సాగుదలను కాసేపు పట్టి ఉంచి, రాత్రంతా కొద్దికొద్దిగా వదిలిందని నా ఊహ.

మెలికగా కత్తిరించడాన్ని చాలామంది మెచ్చుకుంటారు. సాగని జీన్స్‌కు నేనూ దానినే ఎంచుకుంటాను, సాగే జీన్స్‌కు మాత్రం కాలి పొడవునా కత్తిరించి, అతుకులను 45 డిగ్రీల ఏటవాలుగా వేయడమే మేలని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది. దళసరి బట్టకు గుండ్రటి బ్లేడు దొర్లుతూ కోసే ఓల్ఫా 45 మి.మీ. రోటరీ కట్టర్‌ను మించినది నాకు దొరకలేదు. వేడి జిగురుతో జడలను అతికించే పద్ధతిని కాళ్ల కింద పడే వస్తువుకు నేను ఒప్పుకోను. మడతపెట్టి ఉతికినప్పుడు జిగురు గీత వెంటే విడిపోతుంది.

ఈ మధ్యలో వెనక జేబులతో కుట్టిన గోడ సంచి బాగా కుదిరింది, కత్తెరలు, టేపు, సూదుల డబ్బీ అందులోనే ఉంటున్నాయి.

ఇక మూడు బయటి చుట్లనూ విప్పి, పూర్తి నూలు పీలికలతో అల్లి, జడను ఒక రాత్రి వదులుగా ఉంచి మళ్లీ కొలిచాకే కలుపుతాను. విప్పిన సాగే జడలు దిండులో కూరడానికి పనికొస్తాయి. ఆ తరువాత 60, 90 సెం.మీ. కొలతలతో కోలగా ఉండే చాప మొదలుపెట్టాలని ఉంది. పొడవులోంచి వెడల్పు తీసేస్తే నడిమి జడ 30 సెం.మీ. ఉండాలి, చుట్టుకు కావలసిన అదనపు 15.7 సెం.మీ. మొత్తం రెండు కొసల వంపుల్లోనే సర్దుకోవాలి. ముదురు నీలం నడిమిలోను, వెలిసిన నీలం అంచులోను వచ్చేలా పీలికలను ఇప్పటికే రంగుల వారీగా చుట్టి పెట్టాను.