ముందు నుంచా, వెనక నుంచా?

విజయవాడలో తుంటి మార్పిడి చేయించుకున్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఫిజియోథెరపీ చేయిస్తుంటాను. ఈమధ్య ఏ గుమ్మం తొక్కినా ఒకటే గోల. "ముందు నుంచి చేస్తే కండరాలు కొయ్యరట కదా మేడమ్, మా నాన్నకెందుకు వెనక నుంచి చేశారు?"

వెనక నుంచి, అంటే పోస్టీరియర్ పద్ధతిలో, తొడను బయటికి తిప్పే చిన్న కండరాలను ఎముక దగ్గర విడదీసి, కీలు అమర్చాక మళ్ళీ కుడతారు. అవి అతుక్కునేదాకా కీలు జారే భయం ఉంటుంది. అందుకే 6 నుంచి 12 వారాలు తుంటిని 90 డిగ్రీలు దాటి వంచొద్దని, కాలు మీద కాలు వేయొద్దని, కాలు లోపలికి తిప్పొద్దని చెబుతాం. ముందు నుంచి, అంటే యాంటీరియర్ పద్ధతిలో, వెల్లకిలా పడుకోబెట్టి, తొడ ముందు కండరాల సందులోంచి వెళ్తారు. ఆంక్షలు తక్కువ. మొదటి వారాల్లో ఇలా చేయించుకున్నవాళ్ళు కాస్త ముందే వాకర్ వదిలేస్తారు, కాదనను.

అయితే తొడ పైభాగం మొద్దుబారిందని కంగారుపడేది కూడా వాళ్ళే. చర్మానికి స్పర్శనిచ్చే నరం ఆ దారిలోనే ఉంటుంది మరి. పొట్ట ఉన్నవాళ్ళకు గజ్జ మడతలో చెమ్మ చేరి కుట్లు మానడం ఆలస్యమవుతుంది. చెయ్యి తిరగని సర్జనైతే తొడ ఎముక చిట్లే ప్రమాదమూ ఉంది. కొన్ని నెలలు పోయాక నడక చూసి ఏ పద్ధతో నేనైతే చెప్పలేను. మీ డాక్టరు రోజూ చేసేది ఏదో అదే చేయించుకోండి అంటాను.

మొన్న ఒక రిటైర్డ్ మాస్టారింట్లో హైదరాబాద్ నుంచి వాళ్ళమ్మాయి ఫోన్‌లో ఇదే వాదన. స్పీకర్ పెట్టారు. ఆవిడ నెట్‌లో చదివిందంతా చెబుతూనే ఉంది, ఈయన మెత్తటి సోఫాలో మోకాళ్ళు తుంటికన్నా పైకి లేచేలా కూరుకుపోయి, కింద పడ్డ పేపరు కోసం వంగుతున్నారు!

"మాస్టారూ, ఆగండి!" అని అరిచాను.

డైనింగ్ టేబుల్ దగ్గర చేతులున్న కుర్చీ తెప్పించి, దిండు వేసి, ఆయన్ని మెల్లగా అందులోకి మార్చాను. బాత్రూమ్‌లో కమోడ్ మీద ఎత్తు సీటు పెట్టించమన్నాను. "ముందా వెనకా తర్వాత చూద్దాం, ముందు ఆ సోఫా పక్క గదిలోకి తోయించండి" అని అమ్మాయికి చెప్పాను.

"శ్రావణంలో వ్రతం ఉందమ్మాయ్, పీట మీద కూర్చోవచ్చా?" అన్నారు మాస్టారు.

"కుర్చీలో కూర్చోండి. పంతులుగారితో నేను మాట్లాడతాను."