ఆ అక్షరాలు తెలుగులో రావా?

పదకొండున్నర దాటింది. ఇల్లంతా నిద్రపోయింది. నాకే పట్టడం లేదు. సాయంత్రం సినిమా చూస్తుంటే అత్తయ్య అడిగిన ఒక్క మాట బుర్రలో తిరుగుతూనే ఉంది.

"ఆ కింద వచ్చే అక్షరాలు తెలుగులో రావా అమ్మాయ్?"

ఆదివారం కదా, అందరం కూర్చున్నాం. చిన్నాడు ఏదో కొత్త సినిమా పెట్టాడు. తెలుగు సినిమానే, మనవాళ్ళు తీసిందే. అత్తయ్య చెవి సంగతి మీకు తెలుసు. కుడివైపు పూర్తిగా పోయినట్టే. ఎడమ చెవికి మిషను పెట్టుకుంటే మా మాటలు వినపడతాయి గానీ టీవీ ముందు కూర్చుంటే అది కుయ్యిమంటుంది. దానికి తోడు ఈ కాలం సినిమాల్లో మాట వెనకాల ఆ హోరొకటి. మాట వినపడాలని సౌండు పెంచితే హోరు కూడా పెరుగుతుంది. కాసేపు చూసి ఆవిడ మిషను తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. అక్కణ్ణించి కళ్ళు తెర కింది భాగం మీదే. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలరు గానీ మొదటి మాట పూర్తయ్యేసరికి ఆ వరస వెళ్ళిపోయి ఇంకోటి వచ్చేస్తుంది. అదే తెలుగైతే, పొద్దున్నే పేపరు తీసి శ్రద్ధాంజలి ప్రకటనలతో సహా ఒక్క అక్షరం వదలకుండా చదివే మనిషి.

చిన్నాడు రిమోటు తీసుకుని వెతికాడు. ఆ సినిమా మాటలు ఐదు భాషల్లో ఉన్నాయి. అక్షరాలు ఇంగ్లీషు ఒక్కటే. "లేదు నానమ్మా" అన్నాడు. "పోన్లేరా, బొమ్మ కనపడుతోందిగా" అన్నారావిడ.

ఆ పోన్లే దగ్గరే నాకు గుచ్చుకుంది.

మన సినిమా ప్రపంచమంతా వెళ్ళిందని ఎన్నేళ్ళుగా వింటున్నాం! వెళ్ళిన మాట నిజమే. ఆర్‌ఆర్‌ఆర్ 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలైంది. టోక్యోలో ఒక పెద్దావిడ టికెట్టు కొనుక్కుని వెళ్ళి కూర్చుంటే, రామరాజూ భీమూ ఏమనుకుంటున్నారో తన సొంత అక్షరాల్లో చదువుకోగలదు. చదువుకోవాలి కూడా, ఆవిడ మీద నాకేం కోపం? ఎవరో కూర్చుని శ్రద్ధగా రాస్తేనే కదా అది కుదిరింది. అంతదూరాన ఉన్నవాళ్ళ కోసం పడ్డ ఆ శ్రమలో కాస్త, ఈ భాషే మాట్లాడి, ఈ భాష సినిమాలనే డెబ్భై ఏళ్ళుగా డబ్బిచ్చి చూసి, ఇప్పుడు చెవి పోయి కూర్చున్న మనిషి కోసం ఎందుకు పడరు? కొత్తగా అనువాదం చేసే పని కూడా లేదు. మాటల రచయిత రాసిచ్చిన కాగితాలు వాళ్ళ దగ్గరే ఉంటాయి. ఉన్నవి ఉన్నట్టు తెర మీద వేస్తే చాలు.

పోనీ ఆ ఇంగ్లీషైనా సరిగ్గా ఉందా అంటే అదీ లేదు. ఈ సినిమాలో వదిన, మరదలు, తోటికోడలు, ఆడపడుచు నలుగురూ ఉన్నారు. నలుగురూ కింద "సిస్టర్ ఇన్ లా". ఎవరు ఎవరి మీద ఎందుకు అలిగారో అది చదివినవాళ్ళకి ఏం తెలుస్తుంది? పాట రాగానే అక్షరాలు మాయం, ఒక స్వరం గుర్తు మాత్రం మిగులుతుంది. పాటలో కథ సగం నడిచిపోయింది.

అసలు మన సినిమా మొదలైందే అక్షరాలతో. 1913లో ఫాల్కే తీసిన రాజా హరిశ్చంద్రకి నోట్లో మాట లేదు. మధ్యమధ్యలో రాసిన అట్టలు చూపించేవాళ్ళు, ఇంగ్లీషుతో పాటు మరాఠీలోనూ హిందీలోనూ. చూసేవాళ్ళ భాష ఏదో తెలిసి రాసిన అక్షరాలవి. 1931లో ఆలం ఆరాతో, మరుసటి ఏడాది మన భక్త ప్రహ్లాదతో మాటలొచ్చాయి, అక్షరాలు పోయాయి. మాటలొచ్చాక కూడా అవి ఎవరి మాటలన్న ప్రశ్న మిగిలింది. పాత్రలు గ్రాంథికం మాట్లాడుతున్న రోజుల్లో, 1938లో గూడవల్లి రామబ్రహ్మం మాలపిల్ల తీస్తే తాపీ ధర్మారావు వాడుక భాషలో సంభాషణలు రాశారు. అంటరానితనం మీద సినిమా. అది నేల టికెట్టు కొన్నవాడికి కూడా అర్థం కావాలని వాళ్ళు పట్టుబట్టారు. ఈ ఊసు తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. చదువు లేనివాళ్ళకి సినిమాయే బడి అయిన దేశం మనది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. 1996లో అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారీ అనే ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. టీవీలో హిందీ పాట వస్తుంటే కింద హిందీలోనే ఆ పాట అక్షరాలు వేయాలని. జనానికి పాట ముందే నోటికి వచ్చు కాబట్టి, పాడుకుంటూ పాడుకుంటూ చదవడం మెరుగవుతుందని. దూరదర్శన్‌లో సినిమా పాటలు వేసే చిత్రహార్‌లో వేశారు కూడా. ఎంత చిన్న పని, ఎంత పెద్ద పని! థియేటర్లలో చెవి వినపడనివాళ్ళకీ చూపు లేనివాళ్ళకీ సదుపాయాలు ఉండాలని కేంద్ర సమాచార ప్రసార శాఖ 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. మరి మా ఇంటి హాల్లో టీవీలో చూసిన ఈ ఐదు భాషల సినిమాకి ఏమైంది?

ఇక్కడిదాకా రాసి లేచి మంచినీళ్ళు తాగొచ్చాను. వంటింట్లో నిలబడి ఉండగా అమ్మమ్మ గుర్తొచ్చింది.

దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం ఒక్కో వారం ఒక్కో భాష సినిమా వేసేవాళ్ళు కదా, బెంగాలీ, మలయాళం, ఒడియా, కింద ఇంగ్లీషు అక్షరాలతో. బెజవాడలో మా వీధికంతా ఎదురింట్లోనే టీవీ. అన్నాలు తినేసి అందరం వెళ్ళి చాప మీద కూర్చునేవాళ్ళం. మగపిల్లలు పది నిమిషాలు చూసి విసుగొచ్చి బయటికి పోయేవాళ్ళు. ఆడవాళ్ళు మాత్రం కదిలేవాళ్ళు కాదు. నేను ఇంగ్లీషు మీడియంలో ఎనిమిదో క్లాసు. అందుకని నన్ను టీవీ పక్కన పీట వేసి కూర్చోబెట్టారు, అక్షరాలు చదివి తెలుగులో చెప్పమని. ఎంత గర్వమో నాకు! గొంతు సవరించుకుని మొదలుపెట్టేదాన్ని. ఒక వరస చెప్పేలోపు రెండు వరసలు పోయేవి. అర్థం కానివి నేనే కల్పించేదాన్ని.

ఒక వారం బెంగాలీ సినిమా. ఒక పెళ్ళీడు పిల్ల, కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది. తండ్రి గుమ్మంలోకి వచ్చి ఏదో చెప్తాడు. ఆ పిల్ల తల తిప్పకుండానే ఏదో అంటుంది. నేను గబగబా చదువుతున్నాను. అమ్మమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి, "నువ్వు కాస్త ఆగవే, ఆ పిల్ల ఏడుపు నాకు తెలుస్తోంది" అంది. గదిలో అందరూ ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను. అమ్మమ్మకి తెలుగే చదవడం రాదు, బెంగాలీ ఎక్కణ్ణించి వస్తుంది? కానీ సినిమా అయ్యాక ఇంటికి నడుస్తూ కథ మొత్తం మా అమ్మకి చెప్పింది. నేను కల్పించి చెప్పినవి పక్కన పెట్టేసి, సరిగ్గా చెప్పింది.

అప్పుడనిపించింది, నేను గోల ఎక్కువ చేస్తున్నానేమో అని. నైజీరియాలో కానో వైపు హౌసా మాట్లాడేవాళ్ళు దశాబ్దాలపాటు హిందీ సినిమాలు చూశారు. వాళ్ళకి హిందీ రాదు. ఇష్టం లేని పెళ్ళి, పెద్దల మాట, డబ్బు వచ్చాక మారిపోయిన అన్న, ఇవన్నీ వాళ్ళ ఇళ్ళల్లోనూ ఉన్నవే. అక్కడి పాటగాళ్ళు ఆ బాణీల్లో హౌసా పాటలు కట్టుకున్నారు. మాట అర్థం కాకుండానే అంతదూరం వెళ్ళిందంటే బొమ్మకీ గొంతుకీ అంత బలముంది. అత్తయ్య కూడా "బొమ్మ కనపడుతోందిగా" అనే కదా అన్నారు.

కానీ కాదు. కాసేపాగి ఆలోచిస్తే అది సరికాదు. అమ్మమ్మకి ఆ పిల్ల గొంతు వినపడింది. భాష రాకపోయినా గొంతులో వణుకు వినపడింది. అత్తయ్యకి ఇవాళ అది కూడా లేదు. పైగా ఇద్దరూ ఒకే రకం మనుషులు కారు. అమ్మమ్మ ముఖాలు చదివేది. అత్తయ్య మాటల మనిషి. సినిమా చూసొస్తే నెల రోజులు ఆ డైలాగులే. ఎస్వీ రంగారావు ఏ మాట ఎక్కడ విరిచాడో ఇప్పటికీ చేసి చూపిస్తారు. నాటు నాటుకి ఆస్కార్ వచ్చిన పొద్దున, 2023 మార్చి 13న, ఆవిడ చెవి ఇంతగా పోలేదు. చంద్రబోస్ పాటని చిన్నాడి చేత మూడుసార్లు పెట్టించుకుని, "ఎర్ర జొన్నరొట్టే మిరపతొక్కూ అక్కడిదాకా వెళ్ళాయే!" అని ఎంత మురిసిపోయారో. ఆవిడకి ఆ రొట్టె మాట వినపడింది కాబట్టే ఆ మురిపెం.

ఇంకా ఒకటుంది, అసలు నిద్ర పట్టనిది దానికేనేమో. సినిమా చివర్లో కూతురు తండ్రితో మాట్లాడే సీను ఉంది. అయ్యాక అత్తయ్య నావైపు తిరిగి, "ఏమందీ?" అన్నారు. నేను ఎడమ చెవి దగ్గరికి వంగి, "క్షమించమందండీ" అని అరిచాను. ఆవిడ తలూపారు. ఆ పిల్ల నాలుగు వాక్యాలు మాట్లాడింది. క్షమించమన్న మాట అందులో ఎక్కడా లేదు. బెజవాడలో పీట మీద కూర్చుని చేసిన పనే మళ్ళీ చేశాను.

అందుకే ఇప్పుడు టీవీ మళ్ళీ పెట్టాను, సౌండు బాగా తగ్గించి. పాత క్యాలెండరు కాగితం వెనకవైపు, లావు పెన్నుతో, ఆ నాలుగు వాక్యాలూ పెద్ద అక్షరాల్లో రాస్తున్నాను. మూడు దొరికాయి. నాలుగోదానిలో ఒక మాట ఆ హోరులో కలిసిపోయింది. మూడుసార్లు వెనక్కి తిప్పినా నాకే వినపడలేదు. కింద ఇంగ్లీషులో "హోమ్" అని ఉంది. ఇల్లో, పుట్టిల్లో. ఆ పిల్ల ముఖం ఇంకోసారి చూసి పుట్టిల్లు అని రాశాను. కాగితం మడిచి అత్తయ్య కళ్ళజోడు పెట్టె కింద పెట్టాను.